పైథాన్‌తో మొబైల్ యాప్: కివీ, బీవేర్, చాకోపై, ఫ్లెట్‌లలో మీ పనికి ఏది?

పైథాన్‌లో రాసిన ప్రోగ్రామ్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది. దాన్నే ఫోన్‌లో యాప్‌గా పెట్టాలంటే ఎలా అని వెతికితే నాలుగైదు పేర్లు వస్తాయి. ప్రతిదానికీ ఒక చిన్న నమూనా యాప్, దాన్ని ఫోన్‌లోకి ఎక్కించే మూడు నాలుగు కమాండ్లు ఉంటాయి. అక్కడిదాకా అన్నీ తేలికే. చిక్కు ఆ తర్వాత వస్తుంది. స్క్రీన్లన్నీ కట్టుకున్నాక, తప్పనిసరిగా కావాల్సిన ఒక్క లైబ్రరీ ఆ దారిలో ఫోన్‌కు రాదని తెలిస్తే అప్పటిదాకా పడిన శ్రమంతా వృథా.

అందుకే స్క్రీన్లు ఎంత అందంగా వస్తాయన్న దాన్ని బట్టి ఎంపిక చేయొద్దని నా గట్టి సలహా. స్క్రీన్లు కావాలంటే మళ్లీ రాసుకోవచ్చు. సీ, రస్ట్ లాంటి భాషల్లో రాసిన లైబ్రరీని ఫోన్ ప్రాసెసర్‌కు సరిపడేలా కంపైల్ చేయడం, అంటే ఆ ప్రాసెసర్ నడిపే కోడ్‌గా మార్చడం మాత్రం అందరివల్లా అయ్యేది కాదు. మీకు ఏ లైబ్రరీలు కావాలి, వాటిని ఫోన్ల కోసం ఎవరు తయారుచేసి పెడుతున్నారు, రేపు కూడా చేస్తారా? ముందు వీటికి జవాబు దొరికితే మిగతా ఎంపిక దాదాపు దానంతటదే తేలిపోతుంది.

ఈ దారులు ఎవరు వేశారు

ఆండ్రాయిడ్ యాప్‌ల ప్రపంచం జావా, కోట్లిన్‌ల చుట్టూ, ఐఫోన్ ప్రపంచం ఆబ్జెక్టివ్-సీ, స్విఫ్ట్‌ల చుట్టూ పెరిగాయి. పైథాన్‌కు వాటిలో చోటు ఎవరూ అట్టిపెట్టలేదు. 2009లో గూగుల్ ఇంజినీరు డేమన్ కోలర్ ఆండ్రాయిడ్ కోసం మొదలుపెట్టిన స్క్రిప్టింగ్ లేయర్ తొలి ప్రయత్నాల్లో ఒకటి. ఫోన్‌లో చిన్న చిన్న స్క్రిప్టులు నడిపి, సెన్సర్లు, మెసేజ్‌ల లాంటివి వాడుకోవడానికి అది పనికొచ్చింది. దానితో యాప్ తయారుచేసి జనానికి ఇవ్వడం అసలు ఉద్దేశం కాదు. 2010 ఏప్రిల్‌లో ఆపిల్, ఐఫోన్ యాప్‌లను తాను చెప్పిన కొద్ది భాషల్లోనే రాయాలని నిబంధన పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో సడలించింది. ఆ సడలింపు లేకపోతే ఐఫోన్ విషయంలో ఈ వ్యాసమే ఉండేది కాదు.

ఆ తర్వాత కివీ బృందం, పైథాన్ కోడ్‌ను ఆండ్రాయిడ్ యాప్‌గా మార్చే పైథాన్-ఫర్-ఆండ్రాయిడ్‌ను కట్టింది. రస్సెల్ కీత్-మెగీ మొదలుపెట్టిన బీవేర్ బృందం, పైథాన్ అసలు కోడ్‌కు ఐఫోన్ కోసం అవసరమైన మార్పులను ఏళ్ల తరబడి విడిగా మోసుకొచ్చింది. పైథాన్ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఆ మార్పులన్నీ మళ్లీ సరిచూసి అతికించాలి. చాకోపైని మాల్కమ్ స్మిత్ తయారుచేశారు. మొదట్లో అది డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్. 2022లో అనకొండా సంస్థ అండతో అది ఉచితమై, ఓపెన్ సోర్స్ అయింది. అదే సంస్థ బీవేర్ బృందానికి కూడా జీతాలిచ్చి పూర్తి సమయం పనిచేసే వీలు కల్పించింది.

ఆ శ్రమ ఫలితం 2024 అక్టోబరులో కనిపించింది. పైథాన్‌లో మార్పులు కోరే అధికారిక ప్రతిపాదనలను పెప్ అంటారు. ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపే సిస్టమ్) కోసం కీత్-మెగీ రాసిన పెప్ 730, ఆండ్రాయిడ్ కోసం స్మిత్ రాసిన పెప్ 738 ఆమోదం పొంది, పైథాన్ 3.13లో రెండు వేదికలూ అధికారిక జాబితాలోకి చేరాయి. ఆ మార్పులు ఇప్పుడు పైథాన్ అసలు కోడ్‌లోనే ఉన్నాయి. 2025 అక్టోబరులో వచ్చిన 3.14తో పాటు ఆండ్రాయిడ్ కోసం కంపైల్ చేసిన పైథాన్‌ను కూడా అధికారికంగా విడుదల చేశారు.

అయితే రెండూ ఉన్నది మూడో శ్రేణిలో. దాని అర్థం తెలుసుకుని ముందుకెళ్లాలి. ఆ వేదికపై పరీక్షలు క్రమం తప్పకుండా నడుస్తాయి, పైథాన్‌ను తయారుచేసే ప్రధాన బృందంలో కనీసం ఒకరు (కోర్ డెవలపర్) బాధ్యత తీసుకుని ఉంటారు. కానీ అక్కడ ఏదైనా చెడిపోయినంత మాత్రాన పైథాన్ విడుదల ఆగదు, ఫలానా గడువులోపు బాగుచేస్తామన్న హామీ కూడా లేదు.

ముందు లైబ్రరీల లెక్క తేల్చుకోండి

మీ ప్రాజెక్టులో ఇంపోర్ట్ చేస్తున్నవన్నీ ఒక కాగితం మీద రాయండి. పిప్‌తో ఇన్‌స్టాల్ చేసినవే కాదు, అవి తమ వెంట తెచ్చుకున్నవి కూడా. తర్వాత ఒక్కోదానికీ పైపీఐలో (పిప్ ప్యాకేజీలను తెచ్చే వెబ్‌సైట్) డౌన్‌లోడ్ ఫైళ్ల జాబితా తెరిచి చూడండి. వీల్ (ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా ఉన్న ప్యాకేజీ) ఫైల్ పేరు చివర 'నన్-ఎనీ' అని ఉంటే అది స్వచ్ఛమైన పైథాన్. ఏ దారిలోనైనా ఇబ్బంది లేకుండా వస్తుంది. విండోస్, మ్యాక్, లైనక్స్‌లకు వేర్వేరు ఫైళ్లు ఉంటే లోపల కంపైల్ చేసిన కోడ్ ఉన్నట్టు. వాటి మధ్య ఆండ్రాయిడ్, ఐఓఎస్ పేర్లతో కూడా ఫైళ్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే అదృష్టం. లేకపోతే ఆ లైబ్రరీ పక్కన ఒక గుర్తు పెట్టుకోండి.

పైకి కనిపించనివి ఇక్కడే బయటపడతాయి. డేటా సరిగ్గా ఉందో లేదో చూసే పైడాంటిక్‌నే తీసుకోండి. దాని వీల్ చూస్తే స్వచ్ఛమైన పైథానే. కానీ రెండో వెర్షన్ నుంచి దాని పనంతా పైడాంటిక్-కోర్ అనే మరో ప్యాకేజీ చేస్తుంది, అది రస్ట్‌లో రాసింది. అంటే పైడాంటిక్ మీద ఆధారపడిన ఏ లైబ్రరీ వాడినా మీకు ఫోన్ కోసం కంపైల్ చేసిన రస్ట్ కోడ్ కావాలి. క్రిప్టోగ్రఫీ ప్యాకేజీలోనూ రస్ట్ కోడ్ ఉంది.

పైథాన్‌తో పాటు వచ్చే మాడ్యూళ్లలో కూడా కొన్ని ఫోన్‌లో ఉండవు. డెస్క్‌టాప్ స్క్రీన్లు కట్టే టీకింటర్ రెండు వేదికల్లోనూ లేదు. ఐఓఎస్‌లో ఒక యాప్ మరో ప్రాసెస్‌ను పుట్టించడానికి వీల్లేదు కాబట్టి సబ్‌ప్రాసెస్, మల్టీప్రాసెసింగ్ మీద నడిచే కోడ్ అక్కడ ఆగిపోతుంది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మాత్రం హాయిగా పనిచేస్తుంది. చాలా యాప్‌లకు డేటా దాచుకోవడానికి అదే చాలు.

ఈ జాబితా ఒక పూట పని. ఇది చేతిలో ఉంటే కింద చెప్పే వాటిలో సగం మీకు అక్కర్లేదని ముందే తెలిసిపోతుంది.

చాకోపై: ఆండ్రాయిడ్ మాత్రమే అయితే

లెక్కలకు, డేటా పట్టికలకు వాడే నంపై, పాండాస్ లాంటి బరువైన లైబ్రరీలు కావాలి, యాప్ ఆండ్రాయిడ్‌కే పరిమితం, కోట్లిన్ లేదా జావా కొద్దిగానైనా వచ్చు. మీది ఈ పరిస్థితి అయితే నేను మరో మాట లేకుండా చాకోపై తీసుకోమంటాను.

ఇది ఆండ్రాయిడ్ స్టూడియోలో (ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్) మామూలు ప్రాజెక్టుకు తగిలించుకునే ప్లగిన్. యాప్‌ను బిల్డ్ చేసే గ్రాడిల్ అనే టూల్‌తో కలిసి పనిచేస్తుంది. బిల్డ్ ఫైల్‌లో కావాల్సిన ప్యాకేజీల పేర్లు రాస్తే పిప్ లాగానే తెచ్చి పెడుతుంది. కంపైల్ చేసిన ప్యాకేజీల కోసం దానికి సొంత నిల్వ ఉంది. అందులో ఏయే వెర్షన్లు ఉన్నాయో ముందే చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌లో మీరు వాడుతున్న వెర్షన్ కంటే అవి కొంత పాతవి కావచ్చు. స్క్రీన్లు కోట్లిన్‌లో రాస్తారు, బటన్ నొక్కినప్పుడు పైథాన్ ఫంక్షన్‌ను పిలుస్తారు, ఫలితం తిరిగి కోట్లిన్ వైపు వస్తుంది. యాప్ చూడటానికీ, వాడటానికీ పక్కా ఆండ్రాయిడ్ యాప్ లాగే ఉంటుంది, ఎందుకంటే అది నిజంగా ఆండ్రాయిడ్ యాపే.

ఇందులో చూసుకోవాల్సినవి రెండు. మొదటిది సైజు. ఒక్కో ప్రాసెసర్ రకానికీ పైథాన్ ఒక ప్రతి యాప్‌లో చేరుతుంది, కాబట్టి అవసరమైన రకాలనే ఎంచుకోండి. పైథాన్ 3.12 నుంచి ఇక్కడ 64 బిట్ రకాలకే మద్దతు ఉంది. పాత 32 బిట్ ఫోన్లు వాడేవాళ్లు మీ జనంలో ఎక్కువుంటే అంతకు ముందు వెర్షన్ ఎంచుకోవాలి. రెండోది, యాప్‌లో వాడే పైథాన్ వెర్షనే బిల్డ్ చేసే కంప్యూటర్‌లోనూ ఉండాలి. దీన్ని పట్టించుకోకపోతే మొదటి బిల్డ్‌లోనే ఎర్రర్ వస్తుంది. టెన్షన్ పడాల్సిందేమీ లేదు, ఆ వెర్షన్ ఇన్‌స్టాల్ చేసి దారి చూపిస్తే సరిపోతుంది.

కోట్లిన్ అసలు రాదు, నేర్చుకునే ఓపిక కూడా లేదు అంటే మాత్రం ఇది మీకు కాదు.

కివీ: అంతా పైథాన్‌లోనే, కానీ అంతా తనే గీస్తుంది

కివీ బటన్లు, జాబితాలు ఫోన్ ఇచ్చేవి కావు. బొమ్మలు గీసే ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ వ్యవస్థతో తనే గీసుకుంటుంది. దీనివల్ల ఒక మంచి, కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. మంచి ఏమిటంటే యాప్ ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో ఒకేలా ఉంటుంది. చిన్న ఆటలు, బొమ్మలు గీసే యాప్‌లు, వేళ్లతో జరిపే గ్రాఫ్‌లు, పిల్లలకు లెక్కలు నేర్పే యాప్‌లు లాంటివాటికి ఇంత స్వేచ్ఛ మిగతావాటిలో దొరకదు. ఎన్నో ఏళ్లుగా నలిగిన ప్రాజెక్టు కాబట్టి మీకు వచ్చే ఎర్రర్ ఇంతకుముందే ఎవరికో వచ్చి ఉంటుంది, జవాబూ దొరుకుతుంది.

ఇబ్బందుల్లో మనవాళ్లకు ముందుగా తగిలేది తెలుగు అక్షరాలు. కివీతో వచ్చే మామూలు ఫాంట్‌లో తెలుగు లేదు, లేబుల్‌లో తెలుగు రాస్తే డబ్బాలు కనిపిస్తాయి. తెలుగు ఫాంట్ జతచేశాక డబ్బాలు పోతాయి. కానీ అక్షరం కింద చేరాల్సిన ఒత్తు విడిపోయి, పొల్లుతో పక్కన పడే అవకాశం ఉంది. అక్షరాలను కలిపి కూర్చే పని వేరే, ఫాంట్ వేరే. కివీ 2.2 నుంచి లేబుల్‌కు లిపి ఏదో చెప్పే ప్రాపర్టీ వచ్చింది. అది మామూలుగా లాటిన్ లిపికి సెట్ అయి ఉంటుంది, తెలుగుకు మార్చి చూడాలి. 'కర్త', 'స్త్రీ', 'లక్ష్మి' లాంటి పదాలు లేబుల్‌లో పెట్టి, ల్యాప్‌టాప్‌లో కాకుండా ఫోన్‌లోనే చూడండి. హిందీ, తమిళం, అరబిక్ రాసేవాళ్లకూ ఇదే పరీక్ష. ఇందులో గట్టెక్కాకే మిగతా స్క్రీన్లు మొదలుపెట్టండి.

రెండోది ఇంకా పెద్దది. అంతా కివీయే గీస్తుంది కాబట్టి, చూపులేనివాళ్ల కోసం స్క్రీన్ చదివి వినిపించే టాక్‌బ్యాక్ లాంటి సౌకర్యాలకు ఆ యాప్ ఖాళీ పలకలా కనిపిస్తుంది. ప్రజలందరి కోసం చేసే యాప్ అయితే నేను ఒక్క ఈ కారణంతోనే కివీని పక్కన పెడతాను.

ఇక బిల్డ్ సంగతి. ఆండ్రాయిడ్ కోసం, లోపల పైథాన్-ఫర్-ఆండ్రాయిడ్‌ను నడిపే బిల్డోజర్ అనే టూల్ వాడతారు. అది లైనక్స్‌లో, మ్యాక్‌లో నడుస్తుంది. విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపేది) పెట్టుకోవాలి. మొదటి బిల్డ్‌లో ఆండ్రాయిడ్ టూల్స్ అన్నీ డౌన్‌లోడ్ చేసి, పైథాన్‌ను కూడా కంపైల్ చేస్తుంది కాబట్టి చాలాసేపు పడుతుంది, డిస్క్‌లో చోటూ బాగా తింటుంది. రెండోసారి నుంచి త్వరగా అవుతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా అడిగే సమస్య ఇది: బిల్డ్ సాఫీగా అయింది, యాప్ తెరిస్తే లోగో కనిపించి వెంటనే మూసుకుపోతోంది. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, ఫోన్‌లో జరిగేవన్నీ లైన్లుగా చూపించే ఏడీబీ లాగ్‌క్యాట్ అనే కమాండ్ తెరిచి, పైథాన్ పేరున్న లైన్లు మాత్రం వడకట్టి చూడండి. చాలాసార్లు అక్కడ మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్, పక్కన ఒక మాడ్యూల్ పేరు ఉంటుంది. బిల్డోజర్ స్పెక్ ఫైల్‌లో రిక్వైర్‌మెంట్స్ అనే లైన్ ఉంటుంది. మీరు నేరుగా వాడేవే కాకుండా, అవి ఆధారపడే ప్యాకేజీల పేర్లు కూడా అందులో రాయాల్సి వస్తుంటుంది. ఆ పేరు చేర్చి మళ్లీ బిల్డ్ చేస్తే తర్వాతి పేరు బయటపడొచ్చు. ముందే రాసుకున్న లైబ్రరీల కాగితం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది.

కంపైల్ కావాల్సిన ప్యాకేజీలకు పైథాన్-ఫర్-ఆండ్రాయిడ్‌లో రెసిపీలు, అంటే ఎలా కంపైల్ చేయాలో చెప్పే చిన్న స్క్రిప్టులు ఉంటాయి. మీ ప్యాకేజీకి రెసిపీ ఉంటే సరే. లేకపోతే రాసుకోవడానికి సీ కంపైలర్లు, ఆండ్రాయిడ్ ఎన్‌డీకే (సీ కోడ్‌ను ఆండ్రాయిడ్‌కు కంపైల్ చేసే టూల్స్) గురించి కాస్త లోతుగా తెలియాలి.

పైసైడ్‌తో (క్యూట్ అనే స్క్రీన్ల టూల్‌కిట్‌ను పైథాన్‌లో వాడే దారి) డెస్క్‌టాప్ యాప్ చేసి ఉన్నవాళ్లకు ఒక మాట: క్యూట్ వాళ్లు ఆండ్రాయిడ్ కోసం ఇచ్చే డిప్లాయ్ టూల్ కూడా లోపల బిల్డోజర్‌నే వాడుతుంది. కాబట్టి బిల్డ్ గురించి పైన చెప్పిందంతా అక్కడా పనికొస్తుంది.

బీవేర్: ఫోన్ సొంత బటన్లతో

బీవేర్‌లో రెండు ముఖ్య భాగాలున్నాయి. టోగా స్క్రీన్ల కోసం, బ్రీఫ్‌కేస్ ప్యాకింగ్ కోసం. టోగాలో బటన్ అని రాస్తే ఆండ్రాయిడ్‌లో ఆండ్రాయిడ్ బటన్, ఐఫోన్‌లో ఐఫోన్ బటన్ వస్తుంది. తెలుగు ఒత్తులు వాటి చోట్ల అవే కూర్చుంటాయి, ఎందుకంటే అక్షరాలు గీసేది ఫోనే. స్క్రీన్ చదివే సౌకర్యాలకు కూడా ఇవి పరిచయమున్న బటన్లే.

బ్రీఫ్‌కేస్ వాడకం శుభ్రంగా ఉంటుంది. న్యూ, క్రియేట్, బిల్డ్, రన్, ప్యాకేజ్ అనే కమాండ్లు వరుసగా ఇస్తే ప్లే స్టోర్‌కు పంపాల్సిన బండిల్ దాకా వస్తుంది. విండోస్‌లోనూ నేరుగా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ వైపు అది లోపల చాకోపైనే వాడుతుంది, కాబట్టి చాకోపైకి ఉన్న ప్యాకేజీల నిల్వ దీనికీ దొరుకుతుంది. కోట్లిన్ రానివాళ్లు చాకోపై బలాన్ని అందుకునే దారి ఇదేనని నా అభిప్రాయం.

లోటు విడ్జెట్లలో, అంటే బటన్, జాబితా లాంటి స్క్రీన్ భాగాల్లో ఉంది. ట్రీ లాంటి కొన్ని డెస్క్‌టాప్ విడ్జెట్లు మొబైల్‌లో లేవు. టోగా డాక్యుమెంటేషన్‌లో ఏ విడ్జెట్ ఏ వేదికపై ఉందో పట్టిక ఉంటుంది. మీ స్క్రీన్లను కాగితం మీద గీసుకుని, ఆ పట్టికతో ఒక్కోటీ సరిపోల్చండి. ఫారాలు, జాబితాలు, సెట్టింగులు ఉండే యాప్‌కు ఇది సరిపోతుంది. రంగురంగుల యానిమేషన్లు, మీ ఇష్టం వచ్చిన డిజైన్ కావాలంటే చేతులు కట్టేసినట్టుంటుంది.

ఫ్లెట్: అందమే ముఖ్యమైతే

ఫ్లెట్‌లో మీరు రాసేది పైథాన్, తెర మీద గీసేది గూగుల్ తయారుచేసిన ఫ్లట్టర్. కాబట్టి మొదటి రోజు నుంచే యాప్ చూడముచ్చటగా ఉంటుంది. తెలుగు కూడా సరిగ్గా వస్తుంది. అభివృద్ధి చేసేటప్పుడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్‌లో వెంటనే చూసుకునే వీలుంది, ఇది అలవాటైతే వదలబుద్ధి కాదు. కంపైల్ చేసిన ప్యాకేజీల కోసం వాళ్లు కూడా సొంత నిల్వ నడుపుతున్నారు, అక్కడా మీ జాబితాను సరిచూసుకోవాలి.

నా సంకోచం ఒక్కటే. 1.0 వెర్షన్ వైపు వెళ్తూ లోపలి నిర్మాణాన్ని చాలావరకు మార్చారు. పాత ట్యుటోరియల్ చూసి రాసిన కోడ్ కొత్త వెర్షన్‌లో నడవకపోవచ్చు. మీరు చదువుతున్న పాఠం ఏ వెర్షన్‌దో ముందు చూడండి, ప్రాజెక్టులో ఒకే వెర్షన్‌కు కట్టుబడండి.

యాప్ అక్కర్లేని సందర్భాలు

పైథాన్ నేర్చుకోవడానికో, చిన్న స్క్రిప్టులు నడపడానికో అయితే యాప్ తయారీ జోలికే పోవద్దు. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్, పైడ్రాయిడ్, ఐఫోన్‌లో పైథోనిస్టా, ఎ-షెల్ ఉన్నాయి. టెర్మక్స్‌ను ఎఫ్-డ్రాయిడ్ (ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్) నుంచి తీసుకోవడం మేలు. ఆండ్రాయిడ్ 10 నుంచి, యాప్ తన ఫోల్డర్‌లోకి దించుకున్న ప్రోగ్రామ్‌లను నడపడం మీద ఆంక్షలు వచ్చాయి, ప్లే స్టోర్ కోసం వాటికి లోబడటం టెర్మక్స్ లాంటి యాప్‌కు కష్టమైంది.

స్టోర్‌లో పెట్టాల్సిన అవసరం లేకపోతే పయోడైడ్ కూడా ఆలోచించండి. ఇది 2018లో మొజిల్లాలో మొదలై, తర్వాత స్వతంత్రంగా నిలబడ్డ ప్రాజెక్టు. బ్రౌజర్‌లోనే పైథాన్ నడుస్తుంది, నంపై, పాండాస్ కూడా దొరుకుతాయి. మొదటిసారి తెరిచినప్పుడు కొన్ని ఎంబీలు దిగేదాకా ఆగాలి.

మీ యాప్ ఎలాగూ ఇంటర్నెట్ లేకుండా పనిచేయదా? అయితే పైథాన్‌ను సర్వర్‌లోనే ఉంచి, ఫోన్‌లో చిన్న వెబ్ పేజీ పెట్టడం అన్నిటికంటే నిశ్చింత. ఫోన్‌లో పైథాన్ ఉండాల్సింది నెట్ లేనిచోట పనిచేయాలన్నప్పుడు, లేదా మనుషుల డేటా ఫోన్ దాటి వెళ్లకూడదన్నప్పుడు. ఈ రెండూ బలమైన కారణాలే.

ఏ దారైనా అడగాల్సినవి

ఐఫోన్ కావాలంటే మ్యాక్, ఎక్స్‌కోడ్ తప్పవు. ఇందులో ఏ టూలూ మినహాయింపు ఇవ్వదు. అలాగే స్టోర్ తనిఖీ దాటిపోయేలా కొత్త కోడ్ దించుకుని యాప్ పనితీరును మార్చే ఆలోచన ఉంటే మానుకోండి, ఆపిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. పైథాన్ కోడ్‌ను యాప్ ఫైల్ నుంచి బయటికి తీయడం కష్టమేమీ కాదు, కాబట్టి రహస్యంగా ఉంచాల్సిన కీలు యాప్‌లో పెట్టొద్దు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రాజెక్టును ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారో చూడండి. గిట్‌హబ్‌లో వచ్చిన స్టార్ల సంఖ్య కంటే చివరి విడుదల తేదీ, మద్దతున్న పైథాన్ వెర్షన్, జవాబు లేకుండా పడి ఉన్న ఫిర్యాదులు ఎక్కువ చెబుతాయి. ఇటీవలి ఉదాహరణే చాలు. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లు లక్ష్యంగా చేసే యాప్‌లు 16 కేబీ మెమరీ పేజీలున్న ఫోన్లలో కూడా నడవాలని ప్లే స్టోర్ 2025 నవంబరు 1 నుంచి నిబంధన పెట్టింది. అంతకుముందు అందరూ 4 కేబీ అనుకుని కంపైల్ చేసేవారు. మీ పైథాన్ కోడ్‌లో ఒక్క అక్షరం మారక్కర్లేదు, కానీ యాప్‌లో ఉన్న ప్రతి కంపైల్డ్ ఫైలూ మళ్లీ తయారు కావాలి. చురుగ్గా నడిచే ప్రాజెక్టు వాడుతుంటే కొత్త వెర్షన్‌కు మారి బిల్డ్ చేస్తే అయిపోతుంది. చూసేవాళ్లు లేని ప్యాకేజీ ఒక్కటి ఉన్నా అప్‌డేట్ అక్కడే ఆగిపోతుంది.

ఎంచుకున్నాక, మొదటి బిల్డ్‌లో ఒకే ఒక్క స్క్రీన్, ఒక బటన్ పెట్టండి. ఆ బటన్ నొక్కితే మీ కాగితంలోని లైబ్రరీలన్నీ ఇంపోర్ట్ కావాలి, ఒక్కోదానితో చిన్న పని జరగాలి. అసలు లెక్కలు, డేటా చూసే కోడ్‌ను స్క్రీన్ల కోడ్‌తో కలపకుండా వేరే మాడ్యూల్‌లో ఉంచండి. రేపు కివీ నుంచి టోగాకు మారాల్సి వచ్చినా సగం ప్రాజెక్టు చెక్కుచెదరదు.

ఒక్క లైబ్రరీ దగ్గర మాత్రమే ఆగిపోయారా? దాని నిర్వాహకులకు రాయండి. వీల్స్ తయారీకి చాలా ప్రాజెక్టులు వాడే సీఐబిల్డ్‌వీల్ 2025లో ఐఓఎస్‌కూ, ఆండ్రాయిడ్‌కూ మద్దతు చేర్చింది. ఆ లైబ్రరీ ఇప్పటికే దాన్ని వాడుతుంటే కొత్త వేదికలు చేర్చడం కొన్నిసార్లు సెట్టింగుల్లో కొద్ది లైన్ల మార్పు. 'ఆండ్రాయిడ్‌కు ఎందుకు ఇవ్వరు' అని అడగడం కంటే, మీ ఫోర్క్‌లో (ఆ ప్రాజెక్టుకు మీరు తీసుకున్న సొంత ప్రతి) ఆ మార్పు చేసి, ఎంతవరకు బిల్డ్ అయింది, ఏ ఫైల్ దగ్గర ఏ ఎర్రర్ వచ్చింది, ఏ పైథాన్ వెర్షన్‌తో ప్రయత్నించారు అన్నవి జతచేసి పంపండి. ఖాళీ దొరికినప్పుడు పనిచేసే నిర్వాహకులకు అక్కడి నుంచి అందుకోవడం సులువు.